మైటోకాండ్రియాలోకి కాల్షియం ఎలా వెళుతుంది? దానిని ఎప్పుడు ఆపాలి?

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పళ్ళు గుర్తుకు వస్తాయి. అది నిజమే. పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటే అందులో 99 శాతం ఎముకలలోనూ పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం చేసే పని గురించి మాత్రం మనం తక్కువగా వింటాము. గుండె కొట్టుకోవడం, చేయి పైకెత్తడం, గాయమైన చోట రక్తం గడ్డకట్టడం, ఒక నరం నుంచి మరొక నరానికి సందేశం చేరడం, ఇవన్నీ ఆ ఒక్క శాతం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఈ పాఠంలో ఆ ఒక్క శాతంలోనూ చాలా చిన్న భాగాన్ని గురించి, అనగా కణాల లోపల ఉండే మైటోకాండ్రియాలోకి వెళ్ళే కాల్షియం గురించి తెలుసుకుందాం. ఇంత సూక్ష్మమైన విషయం మనకెందుకు అనుకోవద్దు. గుండెపోటు వచ్చినప్పుడు గుండె కండరం ఎంత బతుకుతుంది, ఎంత చనిపోతుంది అనే ప్రశ్నలో ఈ చిన్న తలుపుకు పెద్ద పాత్ర ఉంది. మరొక కారణం కూడా ఉంది. ఈ సంగతి సగం మాత్రమే విన్నవారు "కాల్షియం ఎక్కువైతే కణాలు చచ్చిపోతాయట" అని భయపడి డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు పక్కన పెడుతున్నారు. వారిలో గర్భిణీ స్త్రీలు కూడా ఉంటున్నారు.

కణానికి శక్తి ఎక్కడిది?

మన గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లెక్కవేస్తే లక్షకు పైనే. ఈ పనికి కావలసిన శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. గుండె ఒక్కటే రోజుకు దాదాపు ఆరు కిలోల ఏటీపీని తయారుచేసుకుని ఖర్చు పెడుతుందని అంచనా. గుండె బరువు చూస్తే 300 గ్రాములు! అంటే నిల్వ ఏమీ ఉండదన్నమాట. ఏ క్షణానికి కావలసినది ఆ క్షణంలో తయారు కావాలి. ఆ తయారీ చాలావరకు మైటోకాండ్రియాలో జరుగుతుంది. గుండె కండర కణాన్ని కోసి చూస్తే దాని పరిమాణంలో దాదాపు మూడో వంతు ఇవే కనబడతాయి.

మైటోకాండ్రియాకు రెండు పొరలుంటాయి. బయటి పొర జల్లెడ వంటిది, చిన్న చిన్న పదార్థాలను ఇట్టే పోనిస్తుంది. లోపలి పొర అలా కాదు. అది చాలా గట్టి కాపలా ఉన్న గోడ. దాని లోపల ఉన్న గదిని మాట్రిక్స్ అంటారు. మనం తిన్న అన్నం, పప్పు, నూనె చివరకు ఈ గదిలోనే విడగొట్టబడతాయి. అప్పుడు వచ్చే శక్తితో, మనం పీల్చిన ఆక్సిజన్ సహాయంతో, ప్రోటాన్లు అనే కణికలు లోపలి నుంచి బయటికి నెట్టబడతాయి. దానితో లోపలి పొరకు రెండు వైపులా విద్యుత్తు తేడా ఏర్పడుతుంది. లోపల ఋణ విద్యుత్తు, బయట ధన విద్యుత్తు. ఈ తేడా దాదాపు 180 మిల్లీవోల్టుల వరకు ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీతో పోల్చితే ఇది చాలా తక్కువే. అయితే ఆ పొర మందం ఒక మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. అంత పలుచని పొర మీద అంత తేడా అంటే, మీటరు మందానికి లెక్కవేస్తే సుమారు మూడు కోట్ల వోల్టులు. బయటికి వెళ్ళిన ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఒక యంత్రాన్ని తిప్పుతాయి, ఆ యంత్రం ఏటీపీని తయారుచేస్తుంది. ఆనకట్ట దగ్గర నీరు దిగుతూ టర్బైను తిప్పినట్లే. ఈ సిద్ధాంతాన్ని 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి లభించింది.

కాల్షియం లోపలికి వెళ్ళే దారి

కాల్షియం అయాను మీద రెండు ధన విద్యుదావేశాలుంటాయి. లోపల ఋణ విద్యుత్తు ఉన్న గది. కాబట్టి కాల్షియంను లోపలికి ఎవరూ నెట్టనక్కరలేదు. దారి ఉంటే చాలు, అదే లాగబడుతుంది. 180 మిల్లీవోల్టుల తేడా ఉన్నప్పుడు, ఆ లాగుడు ఒక్కటే పనిచేస్తే, లోపలి కాల్షియం బయటికన్నా పది లక్షల రెట్లు పెరగాలని లెక్క చెబుతుంది. అలా పెరిగితే కణం బతకదు. అది జరగకుండా మూడు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది, కణంలోనే కాల్షియం చాలా తక్కువ ఉండటం. రక్తంలో ఉన్న స్వేచ్ఛా కాల్షియంతో పోల్చితే, విశ్రాంతిగా ఉన్న కణం లోపల పదివేల వంతు మాత్రమే ఉంటుంది. కణం పై పొర మీది పంపులు రాత్రింబవళ్ళు దానిని బయటికి తోడుతూనే ఉంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక్క క్షణం అది సుమారు పదింతలు పెరుగుతుంది, కండరం ముడుచుకుంటుంది, వెంటనే మళ్ళీ తగ్గిపోతుంది.

రెండవది, తలుపు. మైటోకాండ్రియా లోపలి పొరలో కాల్షియం కోసమే ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంది. దానిని యూనిపోర్టర్ అంటారు. ఆ ద్వారాన్ని నిర్మించే ముఖ్యమైన ప్రోటీనుకు ఎం.సి.యు. అని పేరు. అటువంటివి నాలుగు కలిసి మధ్యలో సన్నని రంధ్రం వదిలి నిలబడతాయి. రంధ్రం మొదట్లో ఋణ విద్యుదావేశం గల అమైనో ఆమ్లాలు ఉంగరంలాగా అమరి ఉంటాయి. అవి కాల్షియంను గుర్తుపట్టి పట్టుకుంటాయి, కణంలో ఎంతో ఎక్కువగా ఉండే పొటాషియంను రానివ్వవు. తలుపు పక్కన మిక్యూ అనే కాపలా ప్రోటీనులు ఉంటాయి. బయట కాల్షియం తక్కువగా ఉన్నంతసేపు అవి దారిని మూసి ఉంచుతాయి. కాల్షియం పెరిగినప్పుడు వాటికే కాల్షియం అంటుకుని, అవి పక్కకు తొలగి దారి ఇస్తాయి. ఎంత చక్కని ఏర్పాటో చూడండి! ఎవరిని లోపలికి పంపాలో ఆ అతిథే వచ్చి కాపలావాని భుజం తట్టాలి.

ఇక్కడ ఒక సందేహం చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. ఆ తలుపు తెరుచుకోవడానికి కావలసినంత కాల్షియం మామూలు కణంలో ఎప్పుడూ కనబడదే, మరి అది పనిచేసేది ఎప్పుడు? 1990లలో ఇటలీకి చెందిన రొసారియో రిజ్జుటో, ఆయన సహచరులు దీనికి సమాధానం చూపారు. సముద్రపు జెల్లీచేప నుంచి వచ్చిన, కాల్షియం తగిలితే వెలుగునిచ్చే ఒక ప్రోటీనును వారు మైటోకాండ్రియా లోపలికి పంపి కొలిచారు. కణంలో కాల్షియం నిల్వ ఉండే సంచులకు మైటోకాండ్రియా ఆనుకుని ఉంటాయనీ, ఆ సంచి నోరు తెరుచుకున్నప్పుడు ఆ ఇరుకు సందులో మాత్రం కాల్షియం చాలా ఎక్కువగా ఉంటుందనీ తేలింది. చెరువంతా నిండనక్కరలేదు, తూము ముందర నీరు నిలిస్తే చాలు.

మూడవ ఏర్పాటు, బయటికి పంపే దారి. లోపలికి వచ్చిన కాల్షియంను సోడియంతో మార్చుకుని బయటికి పంపే ప్రోటీను ఒకటి ఉంది. అది ఏదో 2010లో తేలింది. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి, గుండెపోటు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

లోపలికి వెళ్ళి ఏమి చేస్తుంది?

మెట్లు ఎక్కుతున్నప్పుడు కండరానికి శక్తి ఎక్కువ కావాలి. ఆ సంగతి మైటోకాండ్రియాకు ఎవరు చెబుతారు? కండరాన్ని ముడిచే అదే కాల్షియం, కొంచెం మైటోకాండ్రియాలోకి వెళ్ళి ఆ కబురు చెబుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో డెంటన్, మెక్‌కార్మాక్ అనే శాస్త్రజ్ఞులు 1970, 1980 దశకాలలో చేసిన పరిశోధనల వలన, ఆహారాన్ని విడగొట్టే మూడు ముఖ్యమైన ఎంజైములు కాల్షియం వలన చురుకవుతాయని తెలిసింది. అంటే పని పెంచే సంకేతమూ, ఇంధనం పెంచే సంకేతమూ ఒక్కటే. కూలీలను పొలానికి పిలిచినవాడే వంట ఇంటికి కూడా కబురు పెట్టినట్లు.

ఈ తలుపును ఎలా కనుగొన్నారు?

మైటోకాండ్రియా కాల్షియంను లోపలికి తీసుకుంటుందని 1961, 1962 సంవత్సరాలలో అమెరికాలో రెండు బృందాలు ఎలుకల మూత్రపిండాల మీద పరీక్షించి చూపాయి. 2004లో బాస్టన్‌లో కిరిచోక్, క్రాపివిన్‌స్కీ, క్లాఫమ్ మైటోకాండ్రియా లోపలి పొర మీద సన్నని గాజుగొట్టం ఆనించి విద్యుత్తును కొలిచి, ఇది నిజంగా ఒక రంధ్రమేనని, కాల్షియంను అసాధారణంగా ఎంచుకుంటుందని నిరూపించారు. ఇంత తెలిసినా అది ఏ ప్రోటీనో మాత్రం యాభై ఏళ్ళు తెలియలేదు.

ఆ చిక్కు విడిన తీరు చెప్పుకోదగినది. బాస్టన్‌లో పనిచేస్తున్న, తెలుగు కుటుంబానికి చెందిన డాక్టర్ వంశీ మూతా బృందం 2008లో మైటోకాండ్రియాలో ఉండే సుమారు 1,100 ప్రోటీనుల జాబితా తయారుచేసింది. మన తలుపు ఆ జాబితాలో ఎక్కడో ఉండాలి. అయితే ఏది? రొట్టెలు పులియబెట్టే ఈస్టులో ఈ తలుపు లేదని అప్పటికే తెలుసు. ఆఫ్రికాలో నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా జాతి పరాన్నజీవులలో ఉందనీ తెలుసు. కనుక ఈస్టులో లేనివి, ట్రిపనోసోమాలోనూ మనలోనూ ఉన్నవి ఏరితే జాబితా చిన్నదవుతుంది. ఆ విధంగా 2010లో మొదట కాపలా ప్రోటీను మిక్యూ-1 దొరికింది. దానితో పాటు ఏ జీవిలో ఉంటే ఆ జీవిలో ఉంటూ, అది లేని చోట లేకుండా ఉండే మరొక ప్రోటీను కోసం వెదికితే 2011లో ఎం.సి.యు. దొరికింది. అదే సంవత్సరం ఇటలీలోని పాదువాలో రిజ్జుటో బృందం కూడా విడిగా దానినే కనుగొన్నది. 2014లో భారత ప్రభుత్వం మూతా గారికి పద్మశ్రీ ఇచ్చింది.

కాపలా లేకపోతే ఏమవుతుందో కూడా మనుషులలోనే తెలిసింది. మిక్యూ-1 జన్యువు రెండు ప్రతులూ పాడైన పిల్లలను గురించి 2014లో వైద్యులు వివరించారు. ఆ పిల్లలకు చిన్నతనం నుంచే తొడలు, భుజాల కండరాలు బలహీనంగా ఉంటాయి, చదువు నేర్చుకోవడం కష్టమవుతుంది, కొందరిలో తమ ప్రమేయం లేని కదలికలు కనబడతాయి. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా కాల్షియం లోపలికి కారిపోతూ ఉండటమే దీనికి మూలం. ఇది చాలా అరుదైన వ్యాధి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పాడైన ప్రతి వస్తేనే బయటపడుతుంది. ఇటువంటి జన్యువ్యాధులు మేనరికాలలో, దగ్గరి సంబంధాలలో ఎక్కువగా కనబడతాయి. ఇంట్లో ఒక బిడ్డకు ఇటువంటి కండర బలహీనత ఉంటే, తరువాతి కాన్పుకు ముందే జన్యు వైద్య సలహా తీసుకోండి.

గుండెపోటులో ఏమి జరుగుతుంది?

గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆ నాళం మీద ఆధారపడిన కండరానికి ఆక్సిజన్ ఆగిపోతుంది. మైటోకాండ్రియాలో విద్యుత్తు పడిపోతుంది, ఏటీపీ తయారీ ఆగుతుంది. ఏటీపీ లేక పంపులు ఆగుతాయి. కణంలో ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని బయటికి పంపే ప్రయత్నంలో సోడియం లోపలికి చేరుతుంది. సోడియం ఎక్కువ కావడంతో, మామూలుగా కాల్షియంను బయటికి పంపే మార్పిడి దారి వెనక్కు తిరిగి కాల్షియంనే లోపలికి తెస్తుంది. ఇలా కణమంతా కాల్షియంతో నిండుతుంది. మొదటి 20 నుంచి 30 నిమిషాలలోపు రక్తం తిరిగి వస్తే చాలా కణాలు కోలుకుంటాయి. ఆ తరువాత గుండె గోడ లోపలి వైపు నుంచి మొదలై బయటి వైపుకు, గంట గంటకూ కండరం చనిపోతూ వస్తుంది.

ఇప్పుడు గడ్డ కరిగిందనుకోండి, లేదా స్టెంటు వేసి నాళం తెరిచారనుకోండి. ఆక్సిజన్ వస్తుంది. మైటోకాండ్రియాకు విద్యుత్తు తిరిగి వస్తుంది. కాని విద్యుత్తు రాగానే, చుట్టూ నిండి ఉన్న కాల్షియం అంతా యూనిపోర్టర్ గుండా ఒక్కసారిగా లోపలికి లాగబడుతుంది. బయటికి పంపే దారి నెమ్మదైనదని పైన చెప్పుకున్నాం కదా, అది ఈ వరదను తట్టుకోలేదు. అదే సమయంలో ఆక్సిజన్ నుంచి పుట్టే హానికరమైన పదార్థాలు కూడా తోడవుతాయి. ఒక హద్దు దాటాక లోపలి పొరలో పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. చెరువు కట్టకు గండి పడినట్లే. విద్యుత్తు మొత్తం పోతుంది, మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది, కణం చనిపోతుంది. రక్తం తిరిగి వచ్చినందువలన కలిగే ఈ హానిని వైద్యులు రీపెర్ఫ్యూజన్ హాని అంటారు.

దీనిని చదివి నాళం తెరవడమే ప్రమాదమని ఎవరూ అర్థం చేసుకోకూడదు. తెరవకపోతే ఆ కండరం అంతా పోతుంది. తెరిస్తే కొంత పోయినా మిగిలినది దక్కుతుంది. ఎంత త్వరగా తెరిస్తే కణంలో కాల్షియం అంత తక్కువగా పేరుకుని ఉంటుంది, గండి పడే మైటోకాండ్రియాలు అంత తక్కువ. ఆలస్యం వలన రెండు నష్టాలూ పెరుగుతాయి. అందుకే ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం వస్తే సోడా తాగి, గ్యాసు మాత్ర మింగి తెల్లవారే దాకా చూడవద్దు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి స్పష్టంగా లేకుండా కేవలం ఆయాసం, నీరసం, వాంతి వచ్చినట్లు ఉండటం మాత్రమే కనబడవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆస్ప్రిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగిలినవారు ఫోనులో గాని అంబులెన్సులో గాని చెప్పిన మేరకు ఆస్ప్రిన్ మాత్ర నమిలి మింగవచ్చు. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాలలో ఈసీజీ తీయాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ అయితే 30 నిమిషాలలో, స్టెంటు వేసే సౌకర్యం ఉన్న చోట 90 నిమిషాలలో చికిత్స జరగాలన్నది వైద్యులు పెట్టుకున్న గడువు. మీ ఊరికి దగ్గరలో ఈసీజీ ఎక్కడ తీస్తారో, స్టెంటు వేసే ఆసుపత్రి ఎక్కడుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకుని ఉంచుకోండి.

తలుపుకు గడియ వేయవచ్చా?

వరద వచ్చేటప్పుడు తూము మూస్తే సరిపోదా? ఈ ఆలోచన సహజమైనదే. ఆ గడియ కూడా చాలాకాలం క్రితమే దొరికింది. వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల కణాల గోడలకు రంగు వేయడానికి వాడే రుథీనియం రెడ్ అనే ఎర్రని పదార్థం మైటోకాండ్రియాలోకి కాల్షియం వెళ్ళకుండా ఆపుతుందని 1971లో తెలిసింది. తమాషా ఏమిటంటే, సీసాలో అమ్మే ఆ రంగులో గట్టిగా పనిచేసేది అసలు రంగు కాదు, అందులో కొద్దిగా కలిసిపోయి ఉన్న మరొక రుథీనియం పదార్థం. దానిని వేరుచేసి, అది 360 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది గనుక ఆర్‌యు-360 అని పేరు పెట్టారు. ఇది తలుపు నోటి దగ్గర ఉన్న ఋణావేశపు ఉంగరంలో ఇరుక్కుని రంధ్రాన్ని మూస్తుంది. 2011లో ఎం.సి.యు. ప్రోటీనులో 259వ స్థానంలో ఉన్న ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి చూస్తే, తలుపు మామూలుగానే పనిచేసింది కాని ఆర్‌యు-360 దానిని ఆపలేకపోయింది. తాళంచెవి ఏ తాళానికి సరిపోతుందో దీనితో రుజువైంది.

అయినా ఇవి మందులు కాలేకపోయాయి. రుథీనియం రెడ్ కణం లోపలికి సరిగా చేరదు. పైగా అది కాల్షియం నిల్వ సంచుల ద్వారాలను, ఇంకా అనేక ఇతర ద్వారాలను కూడా మూసివేస్తుంది. ఆర్‌యు-360 ఎంపికలో మేలైనదే గాని నిలకడ లేనిది, దానికీ కణంలోకి చేరడం కష్టమే. కణంలోకి సులభంగా వెళ్ళే ఆర్‌యు-265 అనే పదార్థాన్ని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2019లో వివరించారు. ఆక్సిజన్ ఆపి తిరిగి ఇచ్చిన ఎలుక గుండె కణాలను అది కాపాడింది. క్యాన్సరుకు వాడే మైటోజాంత్రోన్ అనే మందు కూడా ఈ తలుపును ఆపుతుందని 2017లో తేలింది, అయితే ఆ మందుకు గుండెను దెబ్బతీసే గుణమే ఉంది. మన శరీరంలో సహజంగా ఉండే మెగ్నీషియం కూడా ఈ తలుపు మీద కొంత అదుపు ఉంచుతుంది. అందువలన గుండెపోటుకు మెగ్నీషియం మాత్రలు మింగితే చాలు అనుకోకండి, దానికి ఆధారం లేదు. నేటికి యూనిపోర్టర్‌ను మూయడానికని మనుషులకు ఆమోదించిన మందు ఒక్కటీ లేదు.

మందు దొరికినా చిక్కు పూర్తిగా తీరదని చిట్టెలుకలు చెప్పాయి. పుట్టుక నుంచే ఎం.సి.యు. లేని చిట్టెలుకలను 2013లో పరీక్షించారు. అవి బతికాయి, కాని బలమైన పని చేయడంలో వెనుకబడ్డాయి. గుండెకు రక్తం ఆపి తిరిగి ఇచ్చినప్పుడు వాటికి రక్షణ ఏమీ దొరకలేదు, మామూలు చిట్టెలుకలకు జరిగినంత నష్టమే జరిగింది. పుట్టుక నుంచీ తలుపు లేకపోతే శరీరం వేరే దారి చూసుకుంటుందేమో అని భావించి, 2015లో పెద్దయిన చిట్టెలుకల గుండెలో మాత్రం ఎం.సి.యు.ను తీసివేసి చూశారు. ఈసారి గుండె కండరం చాలావరకు దక్కింది. కాని భయం, పరుగు వంటి సమయంలో గుండె వేగంగా, బలంగా కొట్టుకోవలసి వచ్చినప్పుడు ఆ గుండెలు తగినంత పుంజుకోలేకపోయాయి. కాబట్టి ఈ గడియ ఎల్లకాలం వేసి ఉంచేది కాదు. వేస్తే నాళం తెరుచుకునే ఆ కొద్ది నిమిషాలకే వేయాలి, గుండెలోనే వేయాలి, తరువాత తీయాలి. అటువంటి మందును తయారుచేయడం ఎంత కష్టమో మీరే ఊహించవచ్చు.

తలుపును కాకుండా, తరువాత పడే గండిని ఆపుదామని కూడా ప్రయత్నించారు. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ అనే మందు ఆ గండి తెరుచుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. 2008లో 58 మంది గుండెపోటు రోగులలో, నాళం తెరిచే ముందు ఈ మందు ఇస్తే దెబ్బతిన్న కండరం తగ్గినట్లు కనబడింది. ఎంతో ఆశ కలిగింది. తరువాత దాదాపు 970 మందిలో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. మరణాలు గాని గుండె వైఫల్యం గాని తగ్గలేదు. చిన్న పరీక్షలో కనబడిన మేలును చూసి మందు మొదలుపెట్టకుండా పెద్ద పరీక్ష కోసం ఎందుకు ఆగుతారో తెలియడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

కరెంటు తీసేసి ఆపడం

కాల్షియం లోపలికి వెళ్ళకుండా ఆపడానికి మరొక దారి ఉంది, అది మాత్రం విషం దారి. లోపలి పొర మీది విద్యుత్తునే పోగొడితే కాల్షియంను లాగే శక్తి ఉండదు. ఏటీపీ కూడా ఉండదు. డైనైట్రోఫినాల్ అనే రసాయనం చేసేది ఇదే. అది ప్రోటాన్లను అడ్డదారిన లోపలికి పంపుతుంది, తిన్నది అంతా వేడిగా మారిపోతుంది. 1933 నుంచి అమెరికాలో దీనిని సన్నబడే మందుగా అమ్మారు. ఒంటి వేడి అదుపు తప్పి మనుషులు చనిపోవడం, కంటిలో శుక్లాలు రావడం చూసి 1938లో మనుషులు వాడదగనిదని ప్రకటించారు. అయినా బరువు తగ్గించే పొడులు, బిళ్ళల పేరుతో ఇంటర్నెట్టులో దీనిని అమ్మడం, యువకులు చనిపోవడం తరువాతి కాలంలోనూ జరిగాయి. దీనికి విరుగుడు మందు లేదు. మందుల దుకాణంలో చీటీ మీద ఇవ్వని "కొవ్వు కరిగించే" బిళ్ళలను పిల్లలు తెప్పించుకుంటుంటే గమనించండి.

ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు కూడా మైటోకాండ్రియానే దెబ్బతీస్తాయి. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే వాయువు వస్తుంది, అది ఆక్సిజన్‌ను వాడుకునే చివరి మెట్టును ఆపుతుంది. దీనికీ విరుగుడు లేదు. ఆ బిళ్ళలు పెట్టిన గదిలో గాని, దాని పక్క గదిలో గాని ఎవరూ పడుకోకూడదు. వాసన పీల్చినా, పొరపాటున మింగినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకురండి.

మరి కాల్షియం మాత్రల సంగతి?

మీరు మింగిన మాత్రలోని కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి వెళుతుంది. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యనే ఉండేలా పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్-డి, మూత్రపిండాలు చూసుకుంటాయి. ఎక్కువైనది ఎముకకు గాని మూత్రంలోకి గాని వెళుతుంది. రక్తం నుంచి కణంలోకి రావాలంటే మళ్ళీ పై పొర కాపలా ఉంది, దాని తరువాత మైటోకాండ్రియా కాపలా ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే గుండె కణంలోని కాల్షియం పెరగదు. గుండెపోటులో కణం నిండేది మాత్ర ఎక్కువై కాదు, ఆక్సిజన్ లేక పంపులు ఆగిపోయి. ఆ ఒక్క తేడా తెలిస్తే సగం భయం పోతుంది. అలాగని మోతాదు మించి వాడకూడదు. మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుకు చెప్పిన తరువాతే వాడాలి.

పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు కూడా మంచివే. గర్భిణీలకు నాలుగవ నెల నుంచి కాన్పు తరువాత ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇస్తారు. గర్భంలో రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని అవి తగ్గిస్తాయి. ఆ మాత్రలను మానడం వలన తల్లికీ బిడ్డకూ నష్టం.

మరొక అయోమయం రక్తపోటు మాత్రల దగ్గర వస్తుంది. ఆమ్లోడిపిన్ వంటి మాత్రలను "కాల్షియం బ్లాకర్లు" అంటారు. ఆ పేరు విని కొందరు పాలు, పెరుగు మానేస్తారు. కొందరు ఎముకలు గుల్లబారతాయని రక్తపోటు మాత్రే మానేస్తారు. రెండూ పొరపాటే. ఆమ్లోడిపిన్ పనిచేసేది రక్తనాళపు కండర కణం పై పొర మీద ఉన్న వేరొక ద్వారం మీద. అది నాళాన్ని సడలిస్తుంది. మైటోకాండ్రియా తలుపుతో దానికి సంబంధం లేదు, రక్తంలోని కాల్షియంను గాని ఎముకలోని కాల్షియంను గాని అది తగ్గించదు. ఆమ్లోడిపిన్ వాడేవారు పెరుగన్నం నిశ్చింతగా తినవచ్చు. కాల్షియం మాత్రను ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మాత్రం వేసుకోకండి. ఒకటి ఉదయం, ఒకటి రాత్రి వేసుకుంటే రెండూ ఒంటికి పడతాయి.